మెడ తిప్పని అరగంట

నాకు ఉన్నది ఎడమ కన్ను ఒక్కటే. కుడికన్ను నా ఇరవై రెండో ఏట జమ్మలమడుగు పక్కన బండల గనిలో పోయింది. సుత్తి దెబ్బకు లేచిన పెచ్చు, గోటి కొసంత కూడా ఉండదు, సూటిగా వచ్చి నల్లగుడ్డులో దిగింది. గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. మూడో నెల మళ్లీ అదే గనికి పోయాను. ఇంకో పని తెలియదు, తెలిసినా ఒంటికన్ను వాణ్ణి పిలిచి ఇచ్చేవాడు లేడు.

ఆ రోజు మా మేస్త్రీ నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ముసల్మాను, పెద్దవాడు. నల్లబండను పలకలుగా చీల్చడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేదు.

"ఒకటి పాయ కదరా. రెండోది కూడా పోతే నిన్ను యాడ కూసోబెట్టాల? ఈ పొద్దు నుంచి పది దినాలు నువ్వు ఉలి ముట్టుకోవద్దు. మెడ నేర్చుకో."

మెడ నేర్చుకోవడమేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. నన్ను బండ ముందు కూర్చోబెట్టి ఆయన వెనక నిలబడి సుత్తితో బండ మీద కొట్టేవాడు. దెబ్బ పడే ప్రతిసారీ నేను కన్ను మూసి తల ఎడమకు తిప్పాలి. ఆలస్యమైతే వీపు మీద ఒక చరుపు. "చప్పుడు చెవిలో పడేదాకా ఉంటే కన్ను పోయినట్టే. సుత్తి కిందికి దిగుతాండంగానే మెడ తిరగాల" అనేవాడు. పది రోజులకు మెడ తిరగడం నేర్చింది. ఆ తర్వాత నలభై ఏళ్లు నేను చూడకుండానే బండ చెక్కాను. చూసి ఉలి ఆనించడం, సుత్తి దిగుతూనే మెడ తిప్పడం, దెబ్బ పడ్డాక మళ్లీ చూడడం. రోజుకు ఎన్ని వేలసార్లో నేను లెక్కపెట్టలేదు.

పని మానేసి పదేళ్లు దాటినా మెడ మాత్రం మానలేదు. వంటింట్లో గిన్నె పడితే తిరుగుతుంది. గుడిలో కొబ్బరికాయ కొడితే తిరుగుతుంది. మా ఇంట్లో ఏ పెండ్లి ఫోటో చూసినా అందరూ సూటిగా చూస్తుంటారు, నేనొక్కణ్ణి పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నట్టు ఉంటాను. కెమెరా టక్కుమనగానే తల తిరిగిపోయింది మరి. ఇంట్లో వాళ్లకు ఇదొక నవ్వులాట. నాకూ నవ్వులాటే, కంట్లో శుక్లం వచ్చేదాకా.

శుక్లం వచ్చిందని నేను చాలాకాలం ఒప్పుకోలేదు. నేను బడిలో రెండో తరగతి దాటనివాణ్ణి. అక్షరాలు నాకు ఉలితోనే వచ్చాయి. సమాధి రాళ్ల మీద, ప్రారంభోత్సవాల పలకల మీద ఎవరో సుద్దతో రాసి ఇచ్చిన ఆకారాలను చెక్కేవాణ్ణి. ఏం చెక్కానో చదివించుకుని నేర్చుకున్నాను. అలా నేర్చుకున్న చదువుతో ముప్పై ఏళ్లుగా రోజూ పత్రిక మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుతున్నాను. అలాంటివాడు అక్షరం మసకబారితే తప్పు తన కంటిదని ఎందుకనుకుంటాడు? సిరా నాసిరకమైందనుకున్నాను. పత్రికవాళ్లకు ఘాటుగా ఒక ఉత్తరం కూడా రాశాను. జవాబు రాలేదు. ఆ తర్వాత ఎదురొచ్చే బండ్ల దీపాల చుట్టూ ముళ్లు మొలిచినట్టు కనిపించసాగింది. తెల్ల పంచె మట్టి కలిపిన నీళ్లలో ఉతికినట్టుండేది. మా ఆవిడతో దాని మీద పోట్లాడాను. చివరికి ఒకనాడు పక్కింటి గోడకు వేసిన నీలం సున్నాన్ని ఆకుపచ్చ అన్నాను. ఆమె దగ్గరికొచ్చి నా కంట్లోకి చూసింది.

"యోవ్, నల్లగుడ్డు తేనె మాదిరి ఉంది. పొద్దుటూరు కంటాసుపత్రికి పోదాం పా" అంది.

నేను పోలేదు. ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి, కానీ అది నా ఒక్కడి తప్పు కాదు. నేను గనిలో పనిచేసే రోజుల్లో మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ బడిలో పెట్టిన శిబిరంలో చేశారు. మొదటిసారి పోతే "ఇంకా ముదరలేదు, వచ్చే ఏడు రా" అని పంపారు. రెండోసారీ అంతే. చేయి చాపితే వేళ్లు కనిపించనప్పుడు తీశారు. తల కదలకూడదని చెంపలకు రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి వారం రోజులు పడుకోబెట్టారు. ఆ తర్వాత సీసా అడుగంత మందం అద్దాలు ఇచ్చారు. పొర ముదరాలి, ముదిరితేనే ఊడుతుంది అన్నది అలా మా ఇంట్లో పాతుకుపోయింది. పులివెందుల దగ్గర చీనీతోట పెట్టుకున్న మా బామ్మర్దిని అడిగితే అతనూ అదే అన్నాడు. "పచ్చికాయ తెంపితే రసముంటాదా బావా? కొమ్మకే పండనీ" అన్నాడు. కంటికి, కాయకు పోలికేమిటని అడగాలని నాకు తోచలేదు. మూడేళ్లు పండనిచ్చాను.

మా ఆవిడ ముఖం నాకు ముఖంగా కాక ఒక గుండ్రటి నీడగా కనిపించడం మొదలయ్యాక ప్రొద్దుటూరికి పోయాం. డాక్టరమ్మకు ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. మా వైపు మనిషేనని మాటను బట్టి తెలిసింది. దీపం వేసి కంట్లోకి చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్లు యాడ ఉన్న్యారు పెద్దాయనా? ఇంత ముదరబెట్టుకుంటే ఎట్ల?"

"ముదిరితేనే గదమ్మా మీరు తీసేది?"

ఆమె కుర్చీ వెనక్కి జరిపి, బల్ల మీదున్న రబ్బరు కన్నును విప్పి చూపించింది. నేను అనుకున్నట్టు అది కంటి పైన పేరుకునే పొర కాదట. నల్లగుడ్డు వెనకాల పుట్టుకతోనే ఒక గాజులాంటి బిళ్ల ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ అది పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి, గట్టిపడుతుంది. అదే శుక్లం. మా అమ్మ కాలంలో ఆ బిళ్లను పెద్ద కోత కోసి అట్లే బయటికి తీసేవాళ్లు, దాని చోట ఏమీ పెట్టేవాళ్లు కాదు. ఉన్న కాస్త చూపు కూడా ఆ కోతలో పోతుందేమోనని, పూర్తిగా మసకబారేదాకా ఆగమనేవాళ్లు. ఇప్పుడు చిన్న సందులోంచి సూదిలాంటి మిషన్ పంపి, బిళ్లను లోపలే ముక్కలు చేసి, కరిగించి పీల్చేస్తారు. బిళ్ల చుట్టూ ఉండే పలచని సంచిలోనే కొత్త బిళ్ల మడిచి పెడతారు. మెత్తగా ఉన్నప్పుడైతే తొందరగా కరుగుతుంది. నాది రాయిలా ఉంది, దాన్ని కరిగించడానికి ఎక్కువసేపు పడుతుంది, కంటి ముందున్న అద్దం లాంటి భాగం వాచిపోవచ్చు.

నాకు ఒళ్లు మండింది. "ముదరాలని చెప్పేదానికి ఊరూరూ తిరిగినారు గదమ్మా. ఆ మాట మారిందని చెప్పేదానికి ఒక్కడన్నా వచ్చినాడా మా ఊరికి?" అన్నాను. ఆమె నన్ను కసురుకోలేదు. "రాలేదు. నిజమే" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఇంక కోపం ఎవరి మీద చూపాలి?

రక్తం పరీక్ష, చక్కెర, రక్తపోటు, కొత్త బిళ్ల కొలత, అన్నీ చూశారు. పది రోజుల తర్వాత రమ్మన్నారు. లేవబోతుంటే ఆమె మామూలుగా ఒక మాట అంది.

"భయపడేదేమీ లేదు. మీరు చేయాల్సింది ఒకటే. ఆ అరగంట తల కదిలించకూడదు. ఉన్నది ఒక్క కన్ను గదా."

"ఇసుక మూటలు పెడతారా?" అన్నాను.

ఆమె నవ్వింది. "ఇప్పుడు అవన్నీ యాడుండాయి పెద్దాయనా?"

నేను నవ్వలేదు. గది బయట ఎవరో స్టీలు పళ్లెంలో ఏదో పెట్టారు. నా తల ఎడమకు తిరిగింది. ఆమె అప్పటికే కాగితం మీద రాసుకుంటోంది, చూడలేదు. మా ఆవిడ చూసింది.

బస్సులో ఆమె అంది, "ఆయమ్మకు చెప్పకుండా వస్తివే."

"ఏమని చెప్పాల? నా మెడ నా మాట వినదని చెప్పాల్నా? వింటే ఆపరేషనే వద్దంటుంది. తిరుపతికి పో, మద్రాసుకు పో అంటుంది."

"చెప్పకపోతే కన్ను పోతాది."

"నోరు మూసుకోమే."

అన్నానే గానీ ఆ మాట చెవిలోంచి పోలేదు. బిళ్ల సంచి కాగితం కంటే పలచనట. లోపల సూది ఉండగా నా తల అడుగు దూరం గుంజితే? కుడికన్ను పోయిన రోజు ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. రెప్ప వేసేంత సేపు కూడా కాదు. అప్పుడు వయసుంది, ఇంకో కన్ను ఉంది. ఇప్పుడు పోతే గోడ తడుముకుంటూ దొడ్డికి పోయే బతుకు. పత్రికను ఎవరి చేత చదివించుకునేది? మా ఆవిడకు సంతకం తప్ప రాదు.

మరునాటి నుంచి మధ్యాహ్నం పూట సాధన మొదలుపెట్టాం. నేను చాప మీద వెల్లకిలా పడుకుని పైన బల్బు వైపు చూడాలి. ఆమె నా తల దగ్గర కూర్చుని, స్టీలు గ్లాసును గరిటెతో కొట్టాలి. చెప్పకుండా కొట్టాలి. మొదటి రోజు పదిసార్లు కొడితే పదిసార్లూ తిరిగింది.

"ఏందయ్యా ఇది? నేను మొగుణ్ణి చూస్తాండానా, తలాడించే గంగిరెద్దును చూస్తాండానా?"

"నువ్వు మరీ గట్టిగా కొడతాండావు."

"వాళ్లు నీకు జోలపాట పాడతారనుకుంటాండావా?"

ఎదురింటావిడ తలుపు దగ్గర నిలబడి, "ఏమత్తా, మామకు గాలి సోకిందా?" అని అడిగింది. మా ఆవిడ "సోకలేదమ్మా, సోకకుండా కొడతాండా" అంది. ఎనిమిది రోజులకు పదిలో మూడుకు వచ్చింది. ఆమె సంతోషపడింది. నాకు ఆ మూడే కనిపించాయి. మూడెందుకు, ఒక్కటి చాలు.

ఆపరేషన్ రోజు ఆసుపత్రి బెంచీ మీద చుక్కలు వేయించుకుంటూ కూర్చున్నాం. చుక్క వేసిన ప్రతిసారీ ఉన్న మసక మరింత పరుచుకునేది. "చెప్తావా, నేను పోయి చెప్పాల్నా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేను పలకలేదు. లోపలికి పిలిచినప్పుడు ఆమె నా చెయ్యి వదల్లేదు, నర్సమ్మ విడిపించింది.

బల్ల మీద పడుకున్నాను. ముఖం మీద పెద్ద దీపం. పక్కన నర్సమ్మ పనిముట్లు సర్దుతోంది. స్టీలు మీద స్టీలు, టక్. ఉలి మీద సుత్తి చప్పుడుకు దానికి తేడా ఎంతో లేదు. తల ఎడమకు పోయింది. సూటిగా పెట్టుకున్నాను. మళ్లీ టక్. మళ్లీ పోయింది.

"ఏంది పెద్దాయనా, ఆ పక్క ఎవరన్నా పిలుస్తాండారా?" అంది డాక్టరమ్మ.

ఇంక దాచలేకపోయాను. గని, మేస్త్రీ, పది దినాలు, నలభై ఏళ్లు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గ్లాసు, గరిటె సంగతి కూడా చెప్పాను. నర్సమ్మకు నవ్వొచ్చినట్టుంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఇంటికి పొమ్మంటుందని కాళ్లు కిందికి దించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"సరే, ఏ చప్పుడు వస్తాదో నేను ముందే చెప్తాంటా. అప్పుడు బెదురుండదు" అంది.

"అట్ల మాత్రం చేయొద్దమ్మా! చెప్తే ఇంకా ముందే తిరుగుతాది. అది దెబ్బకు ముందు తిరగాల్సిన మెడ."

ఆమె చేతులు కట్టుకుని కాసేపు నిలబడింది. చప్పుడు కాగానే ఏది ముందు, కన్ను మూస్తానా, మెడ తిప్పుతానా అని అడిగింది. రెండూ ఒకేసారన్నాను. అప్పుడు నర్సమ్మ వైపు తిరిగి, పళ్లెంలో బట్ట నాలుగు మడతలు పరవమంది. పనిముట్లు పళ్లెంలో పెట్టకుండా చేతికే అందివ్వమంది. మిషన్ గొంతు తగ్గించమంది. మత్తు చుక్కలతోనే చేయాలనుకున్నదాన్ని మానుకుని, కంటి పక్కన మత్తు సూది వేసింది. కాసేపటికి కన్నూ రెప్పా నావి కాకుండా పోయాయి. నుదుటికి అడ్డంగా అంటుపట్టీ వేసి బల్లకు అతికించారు. ముఖం మీద గుడ్డ కప్పారు.

ఆ తర్వాత డాక్టరమ్మ చెయ్యి అంచు నా నుదుటి మీద ఆనింది.

"నా చెయ్యి మీ తల మీదే ఉంటాది. మీరు రవ్వంత కదిలితే నేనూ మీతోబాటే కదుల్తాను. ఒక్కసారిగా గుంజితే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు. ఇంక మాట్లాడొద్దండి."

బండ మీద అక్షరం చెక్కేటప్పుడు మేమూ అంతే, చిటికెన వేలు బండకే ఆనించి ఉంచుతాం. ఈమెకు పని వచ్చు అనుకున్నాను. కాని బండకు మెడ ఉండదు కదా.

వెలుతురు మూడు ముక్కలైంది, కలిసింది, నీళ్లలో మునిగినట్టు ఊగింది. మిషన్ చీమిడి ముక్కుతో పిల్లి అరిచినట్టు సన్నగా మూలిగింది. ఆగేది, మళ్లీ మూలిగేది. "శానా గట్టిగుంది" అని ఆమె ఎవరితోనో మెల్లగా అంది. నేను ఊపిరి లెక్కపెట్టుకున్నాను. మెడ వెనక నరాలు తాళ్లలా బిగిసి నొప్పి పుట్టింది. ఆ నొప్పికే తల కదులుతుందేమోనని మరో భయం.

అప్పుడు బయట వరండాలో ఎవరిదో అన్నం క్యారియరు కింద పడింది.

గిన్నెలు నాలుగూ విడిపోయి గచ్చు మీద దొర్లిన చప్పుడు. నా రెప్ప మూసుకుందామని చూసింది, కదల్లేదు. మెడ మాత్రం కదిలింది. అంటుపట్టీ నుదుటి తోలును పట్టి లాగింది. ఆమె చెయ్యి నా నుదుటిని వదలకుండా వెంట వచ్చింది. మిషన్ ఆగిపోయింది.

అయిపోయిందనుకున్నాను. నోరు తెరిచి అడగకూడదు. అడగకుండా ఉండడం ఎంత కష్టమో అంతకు ముందు నాకు తెలియదు. ఎంతసేపో తెలియదు, మిషన్ మళ్లీ మూలిగింది. మంచిదానికి మూలిగిందో, జరిగినదాన్ని సర్దడానికి మూలిగిందో ఎలా తెలుస్తుంది? చివర్లో ఆమె "బిళ్ల పెట్టేసినాను" అంది, అంతే. కట్టు కట్టి పక్క గదికి పంపారు.

మరునాడు పొద్దున దాకా నాకు లోకం లేదు. ఉన్న ఒక్క కంటికీ కట్టు. మా ఆవిడ అన్నం ముద్దలు కలిపి పెట్టింది. "తిన్యావా, మింగినావా, నోరన్నా నీదేనా?" అని ఎగతాళి చేసింది గాని గొంతులో వణుకు నాకు వినబడింది. కన్ను కట్టుకున్నవాడికి గొంతులు బాగా కనిపిస్తాయి.

పొద్దున కట్టు విప్పారు. తెల్లటి పొగ. ఆ పొగలో డాక్టరమ్మ ఒక మరక. ముందు మసకైనా పసుపు రంగులో ఉండేది, ఇప్పుడది తెల్లగా ఉంది. మసక మసకే.

"కనపడలేదమ్మా" అన్నాను.

"ముందే చెప్పినాను గదా, గట్టి బిళ్ల, ఎక్కువసేపు పట్టింది. కంటి అద్దం వాచింది. తగ్గుతాది. గంటకొకసారి చుక్కలు వేయండి."

నేను నమ్మలేదు. క్యారియరు చప్పుడప్పుడు ఏదో తెగింది, నాకు చెప్పడం లేదు అనుకున్నాను. ఇంటికొచ్చి మూడు రోజులు అందర్నీ తిట్టాను. క్యారియరు పడేసినవాణ్ణి, వాడెవడో తెలియకపోయినా. మూడేళ్లు ఆగమన్న బామ్మర్దిని. పది దినాలు నా వీపు మీద చరిచిన మేస్త్రీని కూడా ఒకసారి తిట్టి, వెంటనే చెంపలు వేసుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లైంది, ఈ ఒక్క కన్నైనా మిగిలింది ఆయన వల్లే. మా ఆవిడ గంట గంటకూ చుక్క వేస్తూనే ఉంది. "తిట్టు గాని తల ఎత్తు" అనేది.

నాలుగో రోజు పొగ అంచుల్లో పలచబడింది. ఐదో రోజు కిటికీ ఊచలు వేరు వేరుగా కనిపించాయి. లెక్కపెట్టాను, ఏడు. ఆమెతో చెప్పలేదు. చెబితే పోతుందేమోనని భయం. ఆరో రోజు ఆమె చుక్క వేయడానికి వంగినప్పుడు ముక్కుపుడక రాయి, దాని పక్కన ఉన్న మచ్చ, కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు కనిపించాయి.

"ఎప్పుడు నెరిసినాయి ఇవి?" అన్నాను.

ఆమె చుక్క సీసా కింద పెట్టి గోడకానుకుని కూర్చుంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "నువ్వు సిరాను తిడతాండినప్పుడే నెరిసినాయిలే" అంది.

ఎనిమిదో రోజు ప్రొద్దుటూరులో గోడ మీది అక్షరాలు పై నుంచి చివరి వరసకు పైన ఉన్న వరస దాకా చదివాను. డాక్టరమ్మ సంతోషంగా రాసుకుంటోంది. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పమ్మా. ఆ పొద్దు నా మెడ తిరిగిందా లేదా?"

ఆమె కలం ఆపింది. "తిరిగింది. మెతుకంత."

"అప్పుడు నీ చేతిలో ఏముండాది?"

"మీ కంట్లో సూది ఉండాది."

"మరి?"

"నా చెయ్యి మీ తలతోబాటే వచ్చింది. లోపల ఏం కాలేదు." కాస్త ఆగి, "కానీ బెదిరినాను పెద్దాయనా. మీరు ముందే చెప్పకపోయింటే పట్టీ వేసేదాన్ని కాదు, చుక్కలతోనే మొదలుపెట్టేదాన్ని" అంది.

పోట్లాడాలని వచ్చినవాణ్ణి. మా ఆవిడ నా వైపు చూస్తున్నది పక్క నుంచే తెలుస్తోంది. 'నేను చెప్పలేదా' అని ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా వదిలేయడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ మరో కాగితం రాసిచ్చింది. చూపుకు కాదట, కాపలాకట. పగలని అద్దాలు, పక్కలకు కూడా మూసి ఉంటాయి. ఒంటికన్ను వాళ్లు నిద్రలో తప్ప తీయకూడదట. కింద అద్దాల దుకాణంలో కుర్రవాడు వాటిని తీసి చేతిలో పెట్టాడు. ఈకంత బరువు కూడా లేవు.

"ఇవి ఎప్పట్నుంచి దొరుకుతాండాయప్పా?" అన్నాను.

"నాకు తెలిసినప్పట్నుంచీ ఉండాయి తాతా. మా నాయన కూడా అమ్మేటోడు."

మా గనిలో నలభై మంది పని చేసేవాళ్లం. మా చెవులకు, వేళ్లకు, కళ్లకు ఏం జరిగిందో గట్టు మీద కుర్చీ వేసుకుని చూసిన యజమానులు నాకు ముగ్గురు గుర్తు. వాళ్లకు ప్రొద్దుటూరు దూరం కాదు. సినిమాకు వచ్చేవాళ్లు. ఈ ఈకలాంటి వస్తువు ఇక్కడ, ఈ వీధిలోనే, ఒక అద్దాల పెట్టెలో ఉండేదన్నమాట. అదంతా ఆ కుర్రవాడికి చెప్పి ఏం లాభం?

పెట్టుకున్నాను. చెవుల దగ్గర వదులుగా ఉంటే అతను సర్ది ఇచ్చాడు. మా ఆవిడ చెయ్యి అందించింది. వీధిలో ఎండ, ఆటోలు, దుమ్ము, ఎవరో గోడ పగలగొడుతున్న చప్పుడు. అద్దాలు పెట్టుకున్నా ఆ చప్పుడుకు కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునే మెట్లు దిగాను.